దూబగుంట తర్వాత

దూబగుంట అనగానే 1992 గుర్తొస్తుంది. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో, అక్షరాస్యత ఉద్యమంలో చదువుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకుని, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలవగా కొట్టు మూయించారు. ఆ తెగువ గురించి చాలామంది రాశారు. నా మనసు మాత్రం ఆ తర్వాతి నెలల చుట్టూనే తిరుగుతుంటుంది.

ఒక్కరోజు రోడ్డెక్కడం ఒక ఎత్తు. పగలంతా కూలికెళ్లి, వచ్చి పొయ్యి వెలిగించి, పిల్లలకు ఇంత పెట్టి, మళ్లీ సారా బండి రాకుండా కాపలా కాయడం ఇంకో ఎత్తు. తాగొచ్చిన మొగుణ్ణి ఎదుర్కోవాల్సిందీ ఆ ఇంట్లోనే. అయినా సారా వేలంపాటలు జరిగేచోటికీ వెళ్లి అడ్డుకున్నారు. సర్కారు ఖజానాకు తగిలే దెబ్బ అక్కడే!

1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండోదాన్ని ఎత్తేశారు. అప్పుడు ఆడవాళ్లు మళ్లీ అంతలా ఎందుకు లేవలేదని అడిగేవాళ్లంటే నాకు కోపం. ఎన్నిసార్లు లేవాలి వాళ్లు? గెలిచినదాన్ని కాపాడే బరువు కూడా ఆ కూలి ఆడవాళ్ల నెత్తినే పెట్టాలా?

నెల్లూరులో ఆ కదలిక పొదుపు సంఘాల్లోకి మళ్లింది. రోజుకో రూపాయి దాచడం, కలిసి కూర్చోవడం, లెక్క చూసుకోవడం. కూర్చునే అలవాటు నిలవడమే పెద్ద సంగతి. నా గుబులల్లా ఒక్కటే: అప్పులు, కిస్తీల మాటలే మిగిలి, రాత్రి ఎవరింట్లో ఎవరు దెబ్బలు తిన్నారన్న మాట వెనక్కి పోతుందేమోనని. కిస్తీల పుస్తకం తెరవకముందే ఆ మాట అడగాలని నా కోరిక.