ఏపీ ఇంగ్లీషు పరీక్ష

"ఏపీ పరీక్షా? అమెరికాలో మన ఆంధ్రా పిల్లలకి వేరేగా పరీక్ష పెడతార్రా?" అంది మా అమ్మ ఫోన్లో, కాస్త కంగారుగానే.

నవ్వాపుకుని చెప్పాను. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఇక్కడి పిల్లలు హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠాలు చదివి, మే నెలలో కాలేజ్ బోర్డు వాళ్ళు పెట్టే పరీక్ష రాస్తారు. ఒకటి నుంచి అయిదు దాకా స్కోరు. మంచి స్కోరొస్తే చాలా కాలేజీల్లో ఆ సబ్జెక్టు మళ్ళీ చదవక్కర్లేదు, ఆ మేరకి ఫీజూ మిగులుతుంది. మా అల్ఫారెట్టాలో మనవాళ్ళు ఏ ఇంట్లో కలిసినా, పెళ్ళి సంబంధాల గురించి మాట్లాడుకున్నంత సీరియస్‌గా "మీవాడు ఎన్ని ఏపీలు?" అని మాట్లాడుకుంటూ ఉంటారు. కాల్క్యులస్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ అయితే సాయం చెయ్యడానికి ఇంటికో ఇంజనీరు దొరుకుతాడు. మా అక్క కూతురు మాత్రం పన్నెండో క్లాసులో వాటితో పాటు ఇంగ్లీషు లిటరేచరు కూడా తీసుకుంది. అక్కడొచ్చింది చిక్కు.

2025 మార్చిలో, అంటే ఇక్కడ కార్లన్నీ పైన్ చెట్ల పుప్పొడితో నలుగు పెట్టిన పెళ్ళికొడుకుల్లా ఉండే రోజుల్లో, అక్క ఫోను. "ఒరే, ఆదివారాలు వచ్చి దీన్ని కాస్త కూచోబెట్టరా. మీ బావని అడిగితే తన వల్ల కాదన్నారు. నువ్వు రోజంతా ఇంగ్లీషు మాట్లాడే కదా బతుకుతున్నావు!"

బతుకుతున్న మాట నిజమే. కానీ ఏం ఇంగ్లీషండీ నాది? అవని పనిని అవుతున్నట్టూ, అవుతున్న పనిని అయిపోయినట్టూ క్లయింటుకి స్టేటస్ రిపోర్టు రాసే ఇంగ్లీషు.

ఇక నా లిటరేచరు సంగతి. 2002లో విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేరాను. రెండేళ్ళకీ కలిపి వెయ్యి మార్కులు. అందులో ఇంగ్లీషుకి రెండొందలు, రెండో భాషకి రెండొందలు. తెలుగు తీసుకుంటే మార్కులు రావని సంస్కృతం ఇప్పించారు. ఎంసెట్‌లో లేదు కాబట్టి ఇంగ్లీషుని పబ్లిక్ పరీక్షల ముందు దాకా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ తర్వాత ఒక గైడు చేతిలో పెట్టి బట్టీ కొట్టమనేవారు. జవాబు ఏ వాక్యంతో మొదలుపెట్టాలో, ఎక్కడ కొటేషన్ పెట్టాలో, దేని కింద స్కేలుతో గీత గియ్యాలో అన్నీ చెప్పేవారు. అనొటేషన్లకి మూడు ముక్కల సూత్రం: ఈ వాక్యం ఎక్కడిది, ఏ సందర్భంలోది, దాని అర్థం ఏమిటి. పద్యాలన్నిటికీ పనికొచ్చే ఒకే ముగింపు పేరా నా దగ్గర ఉండేది. నూటికి 91 వచ్చాయి. టెక్స్టు పుస్తకంలో ఒక్క పాఠం కూడా చివరిదాకా చదివిన గుర్తు లేదు!

అలాంటి పండితుణ్ణి, ఆదివారం మధ్యాహ్నం సిటీ హాల్ పక్కన ఉండే అల్ఫారెట్టా లైబ్రరీలో ఓ మూల బల్ల దగ్గర ఆసీనుణ్ణయ్యాను. మొదటి ప్రశ్నే వేశాను. "సిలబస్ ఏదీ?"

"లేదు మామయ్యా."

"లేకపోవడమేమిటి?"

నిజంగానే లేదు. ఫలానా పుస్తకాలే చదవాలన్న జాబితా లేదు. గంటలో 55 బిట్లు, ఆ తర్వాత రెండు గంటల్లో మూడు వ్యాసాలు. ఒకటి పద్యం మీద, ఒకటి వచనం మీద, ఆ రెండూ అక్కడికక్కడే ఇస్తారు. మూడోది మాత్రం ఒక ఇతివృత్తం ఇచ్చి, చదివిన పుస్తకాల్లోంచి నీకు నచ్చినది తీసుకుని వాదించు అంటారు. 2025 నుంచి అంతా కంప్యూటర్ మీదే రాయాలి. ఒక్కో వ్యాసానికి ఆరు పాయింట్లు. అసలు వాదనకి ఒకటి, ఆధారాలకీ వ్యాఖ్యానానికీ కలిపి నాలుగు, 'సొఫిస్టికేషన్'కి ఒకటి. ఈ ఆఖరిది ఏమిటో నాకు ఎంత చదివినా అర్థం కాలేదు. మా క్లయింట్లు రిక్వైర్‌మెంట్స్‌లో 'యూజర్ ఫ్రెండ్లీగా ఉండవలెను' అని రాస్తారే, ఆ బాపతన్న మాట.

పాత పరీక్షలోంచి ఓ పద్యం తీసి నా ముందుంచింది. నేను చదివి, గొంతు సవరించుకుని, కవి ప్రకృతిని ఎంతో గొప్పగా వర్ణించాడన్నాను.

"ఎక్కడ మామయ్యా? ఏ మాటలో?"

చూపించలేకపోయాను. ఇరవయ్యేళ్ళ నాటి ముగింపు పేరా అక్కడ చెల్లలేదు. దాని పద్ధతి వేరు. ముందు పద్యం రెండుసార్లు చదువుతుంది. ఎక్కడో ఓ మాట ఇబ్బంది పెడితే దాని కింద గీత గీస్తుంది. ఈ మాటే ఎందుకు వాడాడు, ఇంకోటి ఎందుకు వాడలేదు అని దాంతో దెబ్బలాడుతుంది. మనం కోడ్‌లో బగ్ పట్టుకోవడం లాంటిదే అనుకోండి, కాకపోతే ఇక్కడ బగ్ దొరికితే దాన్ని తీసెయ్యరు, అదే అసలు విషయం అంటారు. రెండు ఆదివారాలయ్యేసరికి ఎవరు ఎవరికి పాఠం చెబుతున్నారో మా ఇద్దరికీ తెలిసిపోయింది. అక్కకి మాత్రం చెప్పలేదు.

మూడో వ్యాసం కోసం ఇదివరకు చదివిన నాలుగైదు పుస్తకాలు బాగా గుర్తుంచుకుని వెళ్ళాలి. దానికి టోనీ మోరిసన్ 'బిలవెడ్' ఉంది, అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్' ఉంది, ఓ షేక్స్పియర్ ఉంది. "మన తెలుగుది ఏదన్నా రాయచ్చా?" అని ఊరికే అడిగాను. సాహిత్యపు విలువ ఉన్నదైతే ఏదైనా రాయచ్చంది. అంతే, నాలో దేశభక్తి పొంగింది. కన్యాశుల్కానికి వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదం ఉంది, 'గర్ల్స్ ఫర్ సేల్' అని, 2007లో ఇండియానా యూనివర్సిటీ వాళ్ళు వేశారు. నెట్లో తెప్పించి దాని చేతిలో పెట్టాను. నేనేమో ఎప్పుడో హైదరాబాదు నుంచి మోసుకొచ్చి అట్ట విప్పని తెలుగు పుస్తకం పట్టుకున్నాను. (సంస్కృతం బాపతు వాణ్ణి కదా, అప్పటిదాకా నాకు తెలిసిన కన్యాశుల్కం 1955 నాటి సినిమాయే. ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి.)

మొదలుపెడుతూనే నాకు నవ్వు. పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవుల్లో చదువు చెప్పే మిష మీద గిరీశం అగ్రహారానికి చేరతాడు. వాళ్ళమ్మ ముచ్చటపడి కాస్త ఇంగ్లీషులో మాట్లాడుకోండి వింటాను అంటే గురుశిష్యులిద్దరూ నోటికొచ్చింది వల్లిస్తారు. ఆవిడ మురిసిపోతుంది. నా విజయవాడ చదువూ, ప్రస్తుతం లైబ్రరీలో నేను వెలగబెడుతున్న ఉద్యోగమూ రెండూ అందులో ఉన్నాయి. పకపకా నవ్వుతుంటే పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి ఓసారి అటు తిరిగి చూశాడు.

మా మేనకోడలు నవ్వలేదు. పెన్సిలుతో గీతలు గీసుకుంటోంది.

"గిరీశం ఆ విడో అమ్మాయిని ట్రాప్ చేస్తున్నాడు కదా మామయ్యా. మీరందరూ ఇతన్ని హీరో అంటారా?"

హీరో అని కాదూ, సరదా మనిషి, మాటకారి, అలా చూడకూడదూ అని ఏదో నసిగాను. అది నా తెలుగు పుస్తకం లాక్కుని తిరగేసింది. అందులో దానికి చదవడానికి వచ్చేది ఒక్కటే, మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక. విజయనగరం మహారాజా వారు తీయించిన లెక్కలు అందులో ఉన్నాయి. విశాఖ జిల్లాలో బ్రాహ్మల ఇళ్ళల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు 1034. అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. అది వేలు పెట్టి ఆ అంకె చూపించింది. "ఏడాది పాపకి రేటు!" అంది. ఆ పుస్తకం ఏళ్ళ తరబడి నా అలమారలో ఉంది. ఆ పేజీ నేనెప్పుడూ తియ్యలేదు.

తరవాతి ఆదివారానికి పుస్తకం పూర్తి చేసుకొచ్చింది. పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికొచ్చే సీను దగ్గర నేను మళ్ళీ నవ్వుతుంటే, "ఈవిడకి పేరు లేదా?" అని అడిగింది. చూస్తే నిజమే, లేదు. అన్నం వండిపెట్టే వితంతువు, గిరీశం చేతిలో మోసపోయి డబ్బు పోగొట్టుకున్న మనిషి. ఆవిడ పేరేమిటో నాటకంలో ఎవరూ అనరు.

వాతావరణం తేలిక పరుద్దామని నేను మా మడిబామ్మ కథ ఎత్తుకున్నాను. పార్టీల్లో ఎన్నోసార్లు చెప్పి నవ్వించిన కథ. మడిబామ్మ అంటే మా నాన్నగారి మేనత్త. అమలాపురం దగ్గర మా ఊళ్ళో మా ఇంట్లోనే ఉండేది. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికి ఎనభై దాటింది. గుండు, ముసుగు, తెల్ల పంచె. మడిబట్ట ఎత్తుగా దండెం మీద కర్రతో ఆరేసుకునేది. నాకు అయిదేళ్ళు. చాటుగా వెళ్ళి స్టూలెక్కి ఆ బట్ట ముట్టుకుని, "ముట్టేసుకున్నానోచ్" అని అరుస్తూ పారిపోయేవాణ్ణి. ఆవిడ తిట్టుకుంటూ మళ్ళీ తడిపి ఆరేసుకునేది. ఆ తిట్లు అనుకరించి చూపిస్తే ఎవరికైనా నవ్వు రావాల్సిందే.

అది పెన్సిలు కింద పెట్టింది.

"ఆవిడ పేరేంటి మామయ్యా?"

తెలీదు. ఆరేళ్ళ వయసు దాకా ఒకే ఇంట్లో ఉన్నాను. పేరు తెలీదు.

ఇంటికెళ్ళి అక్కని అడిగితే తనకీ తెలీదు. రాత్రికి అమ్మకి ఫోన్ చేశాను. "పేరా? మేమంతా అత్తయ్యగారనేవాళ్ళం. మీ నాన్నగారుంటే చెప్పేవారు" అంది. తొమ్మిదో ఏట పోయాట్ట ఆయన. అంటే సుమారు 1919 ప్రాంతం. రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. అంతా కలిపి నలభై మైళ్ళుండదు మా ఊరికి. దాదాపు నలభై ఏళ్ళయినా ఆ మాట ఏరు దాటి మా వీధిలోకి రాలేదన్న మాట.

నా అల్లరి సంగతి కూడా అమ్మకి గుర్తుచేశాను, నవ్వుతుందని. ఒక నిమిషం ఏమీ అనలేదు.

"శ్రావణ మాసంలో ఓసారి చేశావురా అలా. వారం రోజులు ముసురు. బట్ట ఆరలేదు. ఆవిడది ఒంటిపూట భోజనం కదా, మడి లేకుండా వండుకోదు. ఆ రోజు ఇంకేమీ తినలేదు. మర్నాడు మధ్యాహ్నమే."

"మరి నన్నెందుకు కొట్టలేదు?"

"కొట్టబోతే ఆవిడే ఆపింది. చిన్నవెధవ, వాడికేం తెలుసు అని."

ఆ కథ నేను అమెరికా వచ్చాక ఎన్ని ఇళ్ళల్లో చెప్పానో లెక్కలేదు. మా ఆవిడకి పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను.

నాలుగు రోజుల తర్వాత అమ్మే చేసింది. ట్రంకు పెట్టెలో పాత దస్తావేజు ఒకటి దొరికిందట. మా తాతగారు చేను కొన్నప్పుడు ఆవిడ సాక్షి వేలిముద్ర వేసింది. పక్కన పేరుంది. అమ్మ అక్షరం అక్షరం చదివింది, నేను రాసుకున్నాను. మేనకోడలికి మెసేజ్ పెట్టాను. అది తెలుగులో చదవలేదు కాబట్టి పలికి వాయిస్ కూడా పంపాను.

మే నెలలో ఆ బుధవారం పొద్దున్న బావ టూర్లో ఉంటే నేనే స్కూలు దగ్గర దింపాను. ల్యాప్‌టాప్ చార్జింగ్ ఉందా లేదా అని దారంతా ఉన్న నాలుగు సిగ్నళ్ళ దగ్గరా నాలుగుసార్లు అడిగాను. మా అమ్మయితే పెరుగూ పంచదారా పెట్టి పంపించేది, అక్క గ్రనోలా బారు పెట్టింది. మధ్యాహ్నం కారెక్కగానే, ఆత్రం ఆపుకోలేక, "కన్యాశుల్కం రాశావా?" అన్నాను.

"లేదు మామయ్యా. ప్రాంప్ట్‌కి సరిపోలేదు. 'బిలవెడ్' రాశా."

నేను మొహం పెట్టిన తీరు చూసి, "కానీ యూజ్ అయింది" అంది. 'బిలవెడ్'లో చచ్చిపోయిన పసిపాపకి పేరుండదట. సమాధి రాయి మీద చెక్కించిన ఆ ఒక్క మాటే ఉంటుందట. అంతకుముందు క్లాసులో చదివినప్పుడు అది తనకి పట్టలేదట. ఈసారి దాని మీదే ఒక పేరా రాసిందట. సొఫిస్టికేషన్ పాయింటు వస్తుందా అని అడిగాను. భుజాలెగరేసి, విండ్‌వర్డ్ పార్క్‌వే మీద చిక్-ఫిలే కనిపించగానే ఆపమంది.

జులైలో స్కోర్లొచ్చాయి. అమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పాను.

"నాలుగు వచ్చిందమ్మా."

"ఎంతకి?"

"అయిదుకి."

"ఆ ఒకటీ ఎక్కడ పోగొట్టుకుందిట?"