గుప్పెడు బియ్యం

గుండ్లకమ్మ ఒడ్డుకు దగ్గర్లో మా పల్లె. ఊరికీ పల్లెకీ మధ్య చెరువుకట్ట అడ్డం. ఊళ్లో మా వాళ్లకు పని దొరికేది గానీ, అక్కడి బావిలో చేద వేసే హక్కు ఉండేది కాదు. తాటాకు గుడిసెల మధ్య పెంకులు కప్పిన కట్టడం ఒక్కటే: మా క్రైస్తవుల గుడి. వారంలో ఆరు రోజులు అదే బడి కూడా. నేను ఓనమాలు దిద్దిందీ, పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు కంఠతా పట్టిందీ ఆ పేడ అలికిన నేల మీదే. బయట వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క మా గంట. దాన్ని ఇనుప కమ్మీతో కొడితే పొలాల్లోకి కూడా వినపడేది.

మా నాయనమ్మ ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి, పొయ్యి పక్కనున్న ముంతలో వేసేది. బియ్యం లేని రోజుల్లో జొన్నలో వరిగలో వేసేది గానీ ముంతను మాత్రం మరిచేది కాదు. పల్లెలో ప్రతి ఇంట్లోనూ అలాంటి ముంత ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున ఆడవాళ్లంతా వాటిని కొంగు చాటున తెచ్చి, గుడిలో గంపలో కుమ్మరించేవారు. ఎవరి ముంతలో ఎంత ఉందో ఎవరూ చూసేవారు కాదు. అందులో సగం గుడి పాస్టరు అయ్యగారి కుటుంబానికి. మిగతాది బాలింత ఉన్న ఇంటికి, మంచం పట్టిన ముసలివాళ్లకు, చావు జరిగిన ఇంటికి.

అవి మోసుకెళ్లి ఇచ్చే పని పిల్లలది. మా వెనక వీధిలో నా అన్నవాళ్లెవరూ లేని ఒక అవ్వ ఉండేది. ఆమెకు రెండు సోలలు కొలిచి ఇచ్చి రమ్మనేవారు. నేను గిన్నెలో పోయగానే ఆమె అందులోంచే ఒక గుప్పెడు తీసి తన ముంతలో వేసేది. తీసుకున్నదాంట్లోంచి మళ్లీ ఇవ్వడమేమిటని నాయనమ్మను అడిగాను.

"తీసుకునే చెయ్యి ఎప్పుడూ చాచే ఉండకూడదురా. అది పెట్టే చెయ్యి కూడా కావాల. లేకపోతే ఆ అవ్వ మన మనిషి ఎట్టా అయిద్ది?" అంది.

సంఘం అంటే ఏమిటో ఆ తర్వాత ఎన్ని ప్రసంగాలు విన్నా, ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకు కనపడలేదు.

ఆరాధన అయ్యాక అయ్యగారు దీవెన చెప్పే ముందు ఒక మాట అడిగేవారు: "ఈ వారం రానిదెవరు?" కూర్చున్నవాళ్లే చెప్పేవారు. ఫలానా తాతకు జ్వరం, ఫలానా చిన్నమ్మ పుట్టింటికి పోయింది, ఫలానా మామ తమ్ముడితో గట్టు తగాదా పెట్టుకుని మొహం చాటేశాడు. సాయంత్రానికి నలుగురు లాంతరు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లేవారు. ముందు మిరియాల కషాయమో గంజో, తర్వాతే ప్రార్థన. తగాదా ఉన్న ఇంట్లో మాత్రం మాటలే ముందు. నెలకోసారి ప్రభురాత్రి భోజనం వచ్చేలోగా ఆ అన్నదమ్ములు ఒకటి కావాలి. పగ మనసులో పెట్టుకుని రొట్టె అందుకోకూడదన్నది మా పల్లె కట్టుబాటు. దానికి ముందటి శనివారం రాత్రి పెద్దలు పొద్దుపోయేదాకా కూర్చుని, ఇద్దరి చేతులూ కలిపించి గానీ లేచేవారు కాదు.

ఇలా ఒకరినొకరు వెతుక్కోవడం ఎక్కణ్నుంచి వచ్చిందో నాయనమ్మ తన తాత దగ్గర విన్నది చెప్పేది. 1876లో మొదలైన ధాత కరువులో జనం ఆకులూ గడ్డలూ తిని బతికారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి పని చూపించాడు. తట్ట మోసేవాళ్ల మధ్య సువార్త చెప్పినవాళ్లు మనవాళ్లే. తోళ్ల బేరం చేసుకునే యర్రగుంట్ల పేరయ్యగారి లాంటి వాళ్లు అప్పటికి పదేళ్లుగా ఊరూరా తిరుగుతున్నారు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తెరిపిచ్చాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది మునిగి లేచారు. ఆరుగురు బోధకులు, ఇద్దరేసి వంతున నీళ్లలో నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి బాప్తిస్మం ఇచ్చారు.

పేరు పెట్టి పిలవడమన్న దగ్గర నాయనమ్మ గొంతు మారేది. ఏరా, ఓరే అన్న పిలుపులు తప్ప ఎరగని మనుషులు ఆ రోజు వేలమంది ఎదుట తమ పేరు విన్నారు. మా గుడిలో "రానిదెవరు?" అన్న ప్రశ్నకు మూలం అక్కడుందని నా నమ్మకం. ప్రతి మనిషికీ ఒక పేరుందని, ఆ పేరుగల మనిషి కనపడకపోతే వెతకాలని మా పెద్దలు ఆ ఏటి ఒడ్డున నేర్చుకున్నారు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారని రేడియోలో విన్నాం. ఆ ఆదివారం పెద్దలు నెల రోజుల ముంతల బియ్యం మొత్తం అక్కడికే పంపుదామన్నారు. అయ్యగారు తన వంతు కూడా అందులోనే కలపమన్నారు. "వాళ్లు మనకేం చుట్టాలు?" అని ఎవరో అన్నారు. నాయనమ్మ లేచి, "కరువులో మనకి గంజి పోసినోళ్లు మనకేం చుట్టాలు?" అంది. ఇంకెవరూ మాట్లాడలేదు. మూటలు కట్టి టౌను నుంచి వెళ్లే లారీకి ఎక్కించాం. వెనక వీధి అవ్వ ముంత కూడా అందులో ఉంది. నూరేళ్ల కిందట కాలువ గట్టున కూలి గింజల కోసం నిలబడ్డవాళ్ల మునిమనవలు, తాము ఎన్నడూ చూడని మనుషులకు అన్నం పంపారు. మా పల్లె గురించి నేను గర్వంగా చెప్పుకునే మాట ఇదే.

ఇప్పుడు మా పల్లెలో గుడిసెలు లేవు, మేడలున్నాయి. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. వాళ్లు వెళ్లే మందిరాల్లో వేల కుర్చీలు, పెద్ద తెరలు, చక్కటి సంగీతం. దేవుణ్ని స్తుతించడానికి అవన్నీ మంచివే. కానీ అంతమందిలో ఒక కుర్చీ వరసగా నాలుగు వారాలు ఖాళీగా ఉంటే ఎవరికైనా తెలుస్తుందా? కొత్తగా ఊరొచ్చి, హాస్టల్లో ఉంటూ, వెనక వరసలో కూర్చుని మౌనంగా వెళ్లిపోయే కుర్రాడి పేరు ఎవరైనా అడిగారా? విశ్వాసం ఒంటరిగా కూడా నిలబడుతుందంటారు. నేను చూసిన విశ్వాసం మాత్రం నలుగురు కలిసి మోస్తేనే నిలబడింది.

పొయ్యి పక్కన ముంత పెట్టుకోమని ఈ రోజుల్లో ఎవరికీ చెప్పను. ఒక్కటే అడుగుతాను. ఈ ఆదివారం దీవెన అయ్యాక వెంటనే ఇంటిదారి పట్టకండి. రానిదెవరో చూడండి. సాయంత్రం ఏదో ఒకటి చేత పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, పేరు పెట్టి పిలవండి.