ఇరు తీరాల వంతెన

బ్రిటన్ దీవికి పడమటి అంచున వేల్స్ అనే చిన్న దేశం ఉంది. అక్కడి ప్రజల ప్రాచీన భాష వెల్ష్. 1588లో విలియం మోర్గన్ బైబిలును సంపూర్ణంగా అనువదించి, ఆ భాషకు సుస్థిరమైన గ్రంథరూపాన్ని ప్రసాదించాడు. అయినా, పాలనలోను చదువులోను ఇంగ్లీషు ప్రాబల్యం పెరిగినకొద్దీ వెల్ష్ వెనుకబడింది. పంతొమ్మిదవ శతాబ్దంలో కొన్ని బడులలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా ఒక చెక్కముక్కను వేలాడదీసేవారు. ఆ భాష 2011లో చట్టం ద్వారా అధికార హోదా పొందింది. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో దానిని మాట్లాడగలవారు సుమారు 5,38,000 మంది. నూటికి పద్దెనిమిది మందికి లోపే.

ఇంత చిన్న భాషను విశ్వవిద్యాలయంలో చదివి ప్రయోజనమేమిటని కొందరు ప్రశ్నిస్తారు. 1872లో అబెరిస్ట్‌విత్ పట్టణపు సముద్రతీరాన వెలసిన విద్యాలయం వంటి చోట్ల వెల్ష్‌తోపాటు ఒక ఆధునిక ఐరోపా భాషను జంటగా అభ్యసించిన విద్యార్థుల అనుభవమే ఆ ప్రశ్నకు సమాధానం.

ఇంట్లో వెల్ష్ మాట్లాడుతూ పెరిగిన విద్యార్థిని ఫ్రెంచి తరగతిలో అడుగుపెడుతుంది. వంతెనను ఫ్రెంచివారు 'పోఁ' అని పలుకుతారు; ఆమె భాషలో అది 'పోంట్'. వ్రాతలో రెండూ ఒక్కటే. రోమనులు బ్రిటన్‌ను ఏలిన కాలంలో లాటిన్ పదాలు వెల్ష్‌లో చేరాయి. ఫ్రెంచి లాటిన్ నుండే పుట్టింది. అయితే ఆ మాట ఫ్రెంచిలో పుంలింగం, వెల్ష్‌లో స్త్రీలింగం. పైగా వెల్ష్‌లో దానిముందు 'ఆ' అనే అర్థమిచ్చే చిన్న పదం చేరగానే 'పోంట్' కాస్తా 'బోంట్' అవుతుంది. 'పూచెను, కలువలు' అనేవి కలిసి 'పూచెనుఁ గలువలు' కావడం నేర్చిన తెలుగు విద్యార్థికి ఇది వింతగా తోచదు. సరళాదేశ సంధిలో కకారం గకారమైనట్లే, అక్కడ పకారం బకారమైంది. రెండు భాషలకు చుట్టరికం లేదు, మార్పుకు కారణాలూ వేరు. పోలిక మాత్రం ముచ్చటైనది. చిన్ననాటి నుండి అలవోకగా పలికిన మాటలో ఒక నియమం దాగి ఉన్నదని ఆ విద్యార్థిని పరభాష చెంత నిలిచి గ్రహిస్తుంది.

ఇటువంటి చదువులో సాధారణంగా ఒక సంవత్సరం విదేశంలో గడపాలి. ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతానికి వెళ్ళినవారికి అక్కడ బ్రెటన్ భాష వినిపిస్తుంది. అది వెల్ష్‌కు సోదరి. అక్కడి బడులలోనూ ఒకప్పుడు ఆ భాష పలికిన పిల్లల మెడలో అవమాన చిహ్నం వేలాడేది. నేడు బ్రెటన్ మాట్లాడేవారిలో అధికులు వృద్ధులు. తాను ప్రేమతో నేర్చిన ఫ్రెంచి నీడలోనే తన భాషకు తోబుట్టువు క్షీణించడం చూచినప్పుడు, ఆ విద్యార్థిని మనస్సు కలత చెందుతుంది. ఆమె ఫ్రెంచిని ద్వేషించదు. తన భాష నిలవడం ఎంతటి భాగ్యమో తెలుసుకుంటుంది.

పరభాష నేర్వడానికి స్వభాషను వదులుకోనక్కరలేదు. వంతెన ఆవలి తీరానికి చేర్చేదే కావచ్చు. కాని ఈవలి తీరం కోసుకుపోతే అది నిలువదు.