నేల ఆరేదాకా

బాత్రూమ్ నేల బాగుచేయించాలనుకోగానే అందరూ టైల్స్ షాపుకు బయలుదేరతారు. నన్నడిగితే ముందు వెళ్ళాల్సింది ఎదురింటికి, "కొన్నాళ్ళు మీ ఇంట్లో స్నానాలు చేసుకుంటామండీ" అని అడగడానికి. ఇంట్లో రెండో బాత్రూమ్ ఉంటే సరే. ఉన్నది ఒక్కటే అయితే, ఆ ఏర్పాటు కుదిరేదాకా నేల మీద సమ్మెట దెబ్బ పడకూడదు. ఈ పని సరుకు నాసిరకమై చెడడం కన్నా తొందరలో చెడడమే ఎక్కువ. ఏ గదినైనా నెల్లాళ్ళు మూసిపెట్టొచ్చు గానీ, ఈ గదిని రెండు రోజులు మూస్తే ఇంట్లో పొద్దు గడవదు. పిల్లల బడి, పెద్దవాళ్ళ మోకాళ్ళ నొప్పులు, ఆఫీసు వేళలు అన్నీ కలిసి మేస్త్రిని తరుముతాయి. కింది పొర ఆరకముందే పై పొర పడిపోతుంది.

మా విశాఖలో ఆరడమనేదే ఆలస్యం. వానాకాలంలో పొద్దున ఆరేసిన తువ్వాలు సాయంత్రానికీ మెత్తగానే ఉంటుంది. గాలే తడిగా ఉన్న ఊళ్ళో గోడను ఆరమంటే ఎలా ఆరుతుంది? వీలైతే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ పని పెట్టుకోవడం మేలు.

పాత ఇళ్ళలో స్నానాల గది పెరట్లో ఉండేది. ఒళ్ళు కడిగిన నీళ్ళు తూములోంచి అరటి పాదుల్లోకి పోయేవి. ఆ తడికీ పడకగది గోడకూ సంబంధమే ఉండేది కాదు. అపార్టుమెంటుల్లో పడకగది గోడకు ఆనుకునే స్నానం, అదీ ఇంకొకరి ఇంటి కప్పు మీద. అందుకే బాత్రూమ్ నేల ఒక ఇంటివాళ్ళ సొంత వ్యవహారం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ నేల కింద ఏముందో చాలామంది చూసి ఉండరు. చాలా అపార్టుమెంటుల్లో అక్కడ స్లాబును అడుగు దాకా కిందికి దింపి పోస్తారు. పైపులన్నీ అందులో పరిచి, పైన ఇటుక ముక్కలు నింపి, సిమెంటు వేసి, టైలు పరుస్తారు. అంటే మన కాళ్ళ కింద ఉన్నది ఒక తొట్టి. టైలు నీళ్ళను ఆపుతుంది గానీ టైలుకూ టైలుకూ మధ్య సందు ఎల్లకాలం ఆపదు. పాచి పోవాలని వారం వారం యాసిడ్ పోసే ఇళ్ళలో ఆ సందుల్లోని సిమెంటును యాసిడే తినేస్తుంది. అక్కణ్ణుంచి దిగిన నీళ్ళు ఇటుక ముక్కల్లో చేరి, బయటికి దారి లేక నిలిచిపోతాయి. మెల్లగా స్లాబులోకి దిగుతాయి. లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు చిట్లి పెచ్చులూడుతుంది. కింది ఇంటి సీలింగులో బల్బు హోల్డరు పక్కనే నీళ్ళు కారుతుంటే, అది మచ్చ కాదు, ప్రాణానికి ముప్పు.

పగలగొట్టేముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. బాత్రూమ్ వాడకుండా ఉంచినా కింద చుక్క ఆగలేదనుకోండి, కుళాయి లైను మీద అనుమానపడాలి. వాల్వు కట్టేసి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. స్నానం చేసిన తర్వాతే కారుతుంటే నేల సందుల్లోనో, నేల మీది నీళ్ళు పోయే నహానీ ట్రాపు చుట్టూనో చూడాలి. రంగు కలిపిన నీళ్ళు ట్రాపులో పోసి కిందికి వెళ్ళి చూస్తే, కొన్నిసార్లు ఒక్క అతుకు దగ్గరే పని తేలిపోతుంది. నేలంతా తవ్వనక్కర్లేదు.

తవ్వాల్సి వస్తే మాత్రం సగంలో ఆగకూడదు. నానిన ఇటుక ముక్కలు తీసి పారేసి, స్లాబు కనిపించేదాకా వెళ్ళాలి. గోడా నేలా కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా తీర్చాలి, ఎందుకంటే పూత మొదట చిట్లేది అక్కడే. వాటర్ ప్రూఫింగ్ పూత రెండుసార్లు వేయాలి. మొదటిది ఆరాక రెండోది అడ్డంగా, గోడ మీదికి కనీసం అడుగు ఎత్తున, షవరు ఉన్న వైపు మనిషి ఎత్తున. తర్వాత ట్రాపు మూసి, నీళ్ళు కట్టి, మట్టం దగ్గర గోడ మీద గీత గీసి రెండు రోజులు వదిలేయాలి. అందరూ ఎగ్గొట్టేది ఈ రెండు రోజులనే. నాకు తెలిసిన ఒక తాపీ మేస్త్రి, ఇంటివాళ్ళు ఎంత తొందర పెట్టినా, "నీళ్ళు కట్టి చూపించందే టైలు ముట్టుకోను బాబూ" అంటాడు. అలాంటి మనిషి దొరికితే కూలి దగ్గర బేరం ఆడొద్దు. వాటం కూడా అప్పుడే చూసుకోవాలి. ట్రాపు వైపు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతైనా దిగకపోతే నీళ్ళు మూలల్లో నిలుస్తాయి.

ఇంట్లో చెమ్మంతా బాత్రూమ్‌దే కాదు. వేణ్ణీళ్ళ ఆవిరి, గదిలో ఆరేసిన బట్టలు, బయటి గోడకు అతుక్కున్న బీరువా, అన్నీ కలిసి బూజును పెంచుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళున్న ఇంట్లో ఆ బూజును తేలిగ్గా తీసుకోకూడదు. తడి ఎటునుంచో తేలకపోతే, అరచేతంత ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఓ రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీళ్ళు పడితే తడి లోపలిది. గదివైపు పడితే గాలిది, దానికి కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు. ఉప్పు తేలిన గోడను పొడి బ్రష్‌తోనే రుద్దాలి. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. తడి గోడ మీద పుట్టీ, ఎమల్షన్ వేస్తే మాత్రం డబ్బు పోతుంది, పొక్కులొస్తాయి.

పైన పనంతా అయ్యాక కూడా కింది ఇంటి సీలింగు కొన్ని వారాలు తడిగానే ఉంటుంది. స్లాబు తాగిన నీరు వదలాలి కదా. ఆ సంగతి కింది ఇంటివాళ్ళకు ముందే చెప్పాలి, లేకపోతే పని చెడిందని పాపం హడలిపోతారు. సీలింగు పూర్తిగా ఆరాక పెచ్చులు సరిచేయించి రంగు వేయించాల్సింది పైవాళ్ళే. ఆ ఖర్చు మొదటి ఎస్టిమేటులోనే రాయించుకోవాలి.