ఎన్ని వాట్లు కాదు, ఎన్ని అంగుళాలు

కారు ఆడియో షాపుకి వెళ్ళినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" అనే. నాకు మాత్రం ఈ మధ్య ఇంకో ప్రశ్న పట్టుకుంది. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఎన్ని అంగుళాలు? వినడానికి చాదస్తంగానే ఉంటుంది లెండి. ఎందుకో చెప్తా.

మాది జనగామ. అక్కావాళ్ళు ఉండేది భూపాలపల్లిలో, బావకి సింగరేణిలో ఉద్యోగం. ఈ మధ్య కొత్త కారు కొన్నాడు. కంపెనీ స్టీరియో తీసేయటం ఇష్టంలేదు, కానీ "సౌండ్‌ల దమ్ము లేదు బామ్మర్దీ. నువ్వు ఇంజనీరువే గదా, మంచి యాంపు పెట్టియ్యరాదు" అన్నాడు. నేను రాసేది జావా అని ఎన్నిసార్లు చెప్పినా మావాళ్ళకి ఇంజనీరంటే ఇంజనీరే. ఫ్యాన్ తిరక్కపోయినా నాకే ఫోను :)

ముందు ఆ దమ్ము సంగతి చూద్దాం. స్టీరియో డబ్బాల మీద "50 వాట్స్ x 4" అని ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు, స్పీకరు 4 ఓములు. 14.4 ని వర్గం చేసి 4 తో భాగిస్తే దాదాపు 52. కానీ అది స్క్వేర్ వేవ్ లెక్క. మామూలు సైన్ వేవ్‌కి అందులో సగం, 26. నష్టాలు పోను శుభ్రంగా వినపడేది 20 లోపే. వోల్టేజి పెరగనిదే అంతకుమించి రాదు. బయట కొనే యాంపు చేసే పని అదే, లోపల ఉన్న పవర్ సప్లైతో ఆ 12 వోల్టుల్ని పైకి లేపుకుంటుంది.

ఇక కలపడం. చాలా కంపెనీ స్టీరియోలకి వెనక ఆర్‌సీఏ సాకెట్లు ఉండవు. కాబట్టి స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకోవాలి. యాంపుకి హై లెవెల్ ఇన్‌పుట్ ఉంటే సరే, లేకపోతే మధ్యలో లైన్ అవుట్ కన్వర్టర్. మనం రాసే అడాప్టర్ క్లాసు లాంటిదే అన్నమాట. ఈ స్టీరియోల్లో స్పీకరు మైనస్ వైరు ఎర్త్ కాదు. దాన్ని బాడీకి తగిలిస్తే స్టీరియోలో ఐసీ పోవచ్చు. కంపెనీ వైర్లు కొయ్యకుండా కప్లర్‌కి కప్లర్ పెట్టించుకుంటే వారంటీ గొడవ కూడా తగ్గుతుంది.

అసలు కథ కరెంటుది. నిజంగా 400 వాట్లు ఇచ్చే క్లాస్ డి యాంపు 80 శాతం సామర్థ్యంతో పనిచేసినా 500 వాట్లు లాగుతుంది, అంటే దాదాపు 35 ఆంపియర్లు. రెండు హాలోజెన్ హెడ్‌లైట్లు కలిపినా 10 లోపే. అందుకే బ్యాటరీ నుంచి డిక్కీ దాకా విడిగా లావు వైరు లాగుతారు. అది ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉన్న ఇనుప గోడలోంచి వస్తుంది. దాని పేరు కూడా ఫైర్‌వాలే, కాకపోతే ఇది నిజం మంటల్ని ఆపేది. ఆ రంధ్రానికి రబ్బరు బుష్ లేకపోతే రేకు అంచు వైరుని కొంచెం కొంచెంగా కోస్తుంది. బొగ్గు లారీలు తిరిగే గతుకుల రోడ్ల మీద ఇంకా తొందరగా. తొడుగు తెగి బాడీకి తగిలిందంటే బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది. వైరు ఎర్రగా కాలుతుంది.

మానుకోటలో పెళ్ళికెళ్ళినప్పుడు చుట్టాల కారు చూశా. ఫ్యూజు ఉంది, కానీ డిక్కీలో, యాంపు పక్కన. "ఫ్యూజు ఉన్నది గదా?" అన్నాడు కారాయన. ఉంది, కానీ దాని ముందున్న వైరంతా అనాథే. అక్కడ షార్టయితే ఆ కరెంటు అసలు ఫ్యూజు దాకా రాదు. ఈ ఫ్యూజు యాంపు కోసం కాదు, వైరు కోసం. అందుకే బ్యాటరీకి 18 అంగుళాల లోపే ఉండాలంటారు. ఆ వైరు పోయేదేమో వెనక సీట్లో పిల్లలు కాళ్ళు పెట్టుకునే మ్యాటు కింద నుంచి. చివర గీకి చూస్తే లోపల తెల్లగా ఉంది, అంటే రాగి పూత పూసిన అల్యూమినియం. అదే లావు రాగి వైరు మోసినంత కరెంటు అది మొయ్యలేదు.

బావ కారుకి జనగామలోనే పని చేయించాం. షాపు కుర్రాడు కూడా మొదట ఫ్యూజు వెనకే పెట్టబోయాడు. ఆపితే "ఏం కాదన్నా, ఎన్నో బండ్లకు ఇట్లనే చేసినం" అన్నాడు. మన ఆఫీసుల్లో "నా మెషీన్లో పనిచేస్తోంది" అంటారే, అచ్చం అదే. గొడవ పడలేదు, వైరు ఎటు నుంచి ఎటు పోతుందో కాగితం మీద గీసి చూపించా. కుర్రాడు చురుకైనవాడు, చప్పున పట్టుకున్నాడు. ఫ్యూజు బ్యాటరీ పక్కకి మార్చి, రబ్బరు బుష్ వేసి, ఎర్త్ దగ్గర పెయింటు గీకి బోల్టు బిగించాడు. అదనంగా పట్టింది అరగంట.

బావకి సౌండ్ తెగ నచ్చింది. ఫ్యూజు ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు, అడగలేదు కూడా. అడగక్కర్లేదు.

మీ కారులో యాంపు ఉంటే మాత్రం ఈ ఆదివారం ఓసారి బానెట్ ఎత్తండి. బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరిన లావు వైరుని చేత్తో తడుముతూ వెళ్ళండి. జానెడు, రెండు జానల్లో ఫ్యూజు తగిలితే సరి. తగలకుండానే వైరు గోడలోకి దూరిపోతే, పాటలు పెట్టకముందే షాపుకి పోనివ్వండి.