పొద్దుటి కల్లు, పదేళ్ల విస్కీ

ఎలమంచిలి నుంచి అచ్యుతాపురం వైపు పోయే రోడ్డు దిగి, పొలం గట్ల మీదుగా లోపలికి నడిస్తే తాళ్లు గుంపులు గుంపులుగా ఎదురవుతాయి. మార్చి నెల. తెల్లవారుతోంది. మేం చేరేసరికే పెద్దాయన మొదటి చెట్టు మీద ఉన్నాడు. కింద ఆయన భార్య కడిగిన కుండలు వరసగా బోర్లించి, తాటాకుతో డొప్పలు కడుతోంది. నన్ను తీసుకొచ్చిన ఎలమంచిలి మాస్టారికి ఈ కుటుంబం చిన్నప్పటి నుంచి ఎరుకే. "బాబాయ్, విశాఖపట్నం నుంచి వచ్చారు, మీ కల్లు రుచి చూస్తారట" అని కేకేశారు. పైనుంచి జవాబు వచ్చింది: "ఉండమను బాబూ, ఎండెక్కకముందే దించీసి వస్తాను."

ఓడల్లో ఇంజనీరుగా తిరిగిన కాలంలో నాకు విస్కీని శ్రద్ధగా రుచి చూడడం అలవాటైంది. గ్లాస్గోలో సరుకు దిగే వ్యవధిలో ఒక ముసలి స్కాట్లాండు దొర నాకది నేర్పాడు. మూతి సన్నగా, పొట్ట వెడల్పుగా ఉన్న గ్లాసులో కొద్దిగా పోసుకోవాలి. ముందు వాసన చూడాలి, అదీ నోరు కొంచెం తెరిచి. ఆ తర్వాత కొన్ని చుక్కల నీళ్లు కలిపి మళ్లీ వాసన చూడాలి. నీళ్లు పడగానే దాగి ఉన్న వాసనలు బయటపడతాయి. ఒక్క గుక్క నోట్లో తిప్పి, మింగాక ముక్కుతో గాలి వదిలి, చివర ఏం మిగిలిందో గమనించాలి. ఆ మిగిలిందాన్ని కాగితం మీద పెట్టాలి. నోటుబుక్కు పెట్టుకుని రాయడం అప్పుడు మొదలైంది, ఇప్పటికీ మానలేదు. తాటికల్లును కూడా అంతే శ్రద్ధతో రుచి చూసి రాయాలని చాలాకాలంగా ఉంది. అందుకే ఈ ప్రయాణం.

పెద్దాయన దిగి, పక్క చెట్టు ఎక్కబోతూ పనిముట్లు చూపించాడు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టే మోకు, పాదాలకు తగిలించుకునే చిన్న తాడు, మొలలో గీతకత్తి. ఆ కత్తి అంచును రోజూ నూరుతాడు. పోతుతాడికైతే పొడుగాటి పూగెలలను కట్టగట్టి నొక్కుతారు. ఆడతాడికి లేత కాయలున్న గెలను మెత్తగా నొక్కి సాగదీస్తారు. అలా కొన్నాళ్లు సాకాక గెల కొస కోస్తే రసం ఊరుతుంది. ఇక ఆ కొసను ప్రతిరోజూ, పూటపూటా చెక్కాలి. పైకెక్కి ఒక చెక్కు తీసి నా చేతిలో వేయమని అడిగితే వేశాడు. కాగితమంత పలచగా ఉంది, అవతలి వెలుతురు కనిపిస్తోంది. "మందంగా కోసీసేవాడికి గెల తొందరగా అయిపోద్ది బాబూ. పలచగా కోసేవాడికి సీజనంతా ఇస్తాది" అన్నాడు. ఆ పలచదనమే ఆయన నైపుణ్యమంతా. నలభై అడుగుల ఎత్తున, ఒక చేత్తో మట్ట పట్టుకుని, రెండో చేత్తో చేసే పని అది.

మొదటి డొప్ప సున్నం పూసిన కుండలోది, అంటే నీరా. సున్నం రసాన్ని క్షారంగా ఉంచి, పులియబెట్టే సూక్ష్మజీవులను పని చేయనివ్వదు. తాటిబెల్లం కాచేది ఈ రసంతోనే. చిక్కటి తీపి, అందులో లేత ముంజె వాసన, చివర నాలుక మీద సున్నపు గరుకు. బాగుంది కానీ ఒకే స్వరం. అందులో చక్కెరే సుమారు పన్నెండు శాతం దాకా ఉంటుంది. మిగిలినవన్నీ దాని చాటుకు పోతాయి.

రెండో డొప్ప దగ్గర నేను ఆగిపోయాను. సున్నం లేని కుండలో రాత్రంతా కారిన పోతుతాడి కల్లు, దించి పావుగంట కాలేదు. పైన సన్నని నురగ. ముక్కు దగ్గరికి తెస్తే ముందు పచ్చి తాటాకు, ఆ వెనక పులిసిన పిండి, దాని వెనక పండిన జామ. నోట్లో తీపి ఇంకా ఉంది, కానీ సన్నగా చిమచిమలాడుతోంది. మింగాక గొంతు వెనక ఒక ఉప్పదనం మిగిలింది. సముద్రం దగ్గరి చెట్లలో ఆ ఉప్పు ఉంటుందని పెద్దాయన అంటాడు. నా నాలుకకూ అలాగే అనిపించింది. నోటుబుక్కులో దీనికి చాలా జాగా పట్టింది.

ఇక్కడ ఈస్టు ఎవరూ కొనితెచ్చి వేసేది కాదు. పాత కుండ గోడల్లో, అడుగున మిగిలిన మడ్డిలో, గాలిలో, ఈగల కాళ్లకు అంటుకుని ఉంటుంది. రసం పడగానే పని మొదలుపెడుతుంది. చెట్టు మీద ఉండగానే సారాయి గుణం పుడుతుంది. కొద్ది గంటల్లో నాలుగైదు శాతానికి చేరుతుంది. ఆపైన బాక్టీరియా పుల్లబరుస్తుంది, మర్నాటికల్లా అది వెనిగర్ దారి పట్టేస్తుంది. కుండ పాతదైనకొద్దీ రుచి మారుతుందని పెద్దాయన భార్య చెప్పింది. కొత్త కుండ కల్లు ఆవిడ తాగదట. స్కాట్లాండులో పీపా గురించి చెప్పేవాళ్లూ ఇంతే పట్టుదలగా చెబుతారు. ఒకప్పుడు షెర్రీ నింపిన ఓక్ పీపాలో నిద్రపోయిన విస్కీకి ఎండు ద్రాక్ష రుచి వస్తుంది, అమెరికా బోర్బన్ పీపాలోదానికి వెనిలా వస్తుంది.

మూడోది ఆడతాడి కల్లు. ఇది చిక్కన, రంగు కొంచెం తెల్లన, వాసన తక్కువ. నోట్లో నిండుగా ఉంటుంది గానీ తొందరగా పోతుంది. మాస్టారికి ఇదే ఇష్టం. నాకు పోతుతాడిదే.

వీటిని రుచి చూస్తుంటే ఐర్లండు, స్కాట్లాండు తేడా గుర్తుకు రాకుండా ఉండదు. రెండూ బార్లీ గింజే, రెండూ రాగి కుండీల్లో మరిగించేవే, రెంటికీ చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఉండాలన్న చట్టం ఉంది. అయినా రుచి వేరు. స్కాచ్ మాల్ట్‌ను సాధారణంగా రెండుసార్లు బట్టీ పడతారు, ఐరిష్‌ను ఎక్కువగా మూడుసార్లు. అందుకే ఐరిష్ నాలుక మీద నునుపు. మిడిల్టన్‌లో తయారయ్యే రెడ్‌బ్రెస్ట్ పన్నెండేళ్లది నా నోటుబుక్కులో ఎప్పుడూ పై వరసలోనే ఉంటుంది. మొలకెత్తిన బార్లీతో పాటు మొలకెత్తని బార్లీ కూడా వేసి కాచే పాత ఐరిష్ పద్ధతి అది. ఆ పచ్చి గింజ వల్ల నూనెలాంటి నిండుదనం, మిరియం ఘాటు వస్తాయి. స్కాట్లాండు పడమటి తీరాన ఐలా దీవిలోని లఫ్రాయిగ్ పదేళ్లది దీనికి పూర్తిగా ఎదురు. తడి నేలల్లో నాచు, గడ్డి వేల ఏళ్లు కుళ్లి గడ్డకట్టిన మట్టిని పీట్ అంటారు. ఆ మట్టి పొగలో బార్లీని ఆరబెడతారు. గ్లాసు ఎత్తగానే ఆస్పత్రి టింక్చర్, తారు పూసిన మోకు, సముద్రపు పాచి. మొదటిసారి తాగినవాళ్లలో సగం మంది పక్కన పెట్టేస్తారు, మిగతా సగం జన్మంతా దాన్ని వదలరు.

ఈ రుచులన్నింటికీ పేర్లు ఎలా వచ్చాయంటే, కూర్చుని పెట్టుకున్నారు కాబట్టి. 1979లో ఎడిన్‌బరోలోని పెంట్‌లాండ్స్ పరిశోధన సంస్థ స్కాచ్ వాసనలన్నిటినీ ఒక చక్రంగా గీసింది. పొగ, పండు, పూలు, గింజ, చెక్క అంటూ వర్గాలు, వాటి లోపల ఉపవర్గాలు. అప్పటి నుంచి రుచి చూసేవాళ్లంతా ఒకే భాషలో మాట్లాడుకోగలుగుతున్నారు. కల్లుకు మన దగ్గర అలాంటిది ఏదీ నా కంట పడలేదు. అయితే పెద్దాయన దగ్గర ఉంది. ఈ ఒక్క గుంపులోనే ఏ చెట్టు ఏ వారం ఎలా ఇస్తుందో, ఏది వానకి పలచబడుతుందో, ఏది పుల్లగా దిగుతుందో అన్నీ చెప్పాడు. ఆయన తర్వాత అది చెప్పేవాళ్లు ఎవరు? కొడుకు సెజ్‌లో ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు. షిఫ్టు, జీతం, పీఎఫ్ ఉన్నాయి. చెట్టెక్కమని ఆ కుర్రాడితో చెప్పే మనసు పెద్దాయనకు లేదు, నాకూ లేదు. పడితే నడుం విరిగే పని అది.

ఐరిష్ విస్కీ గతి కూడా ఒకప్పుడు ఇలాగే అయింది. 1830లో కాఫీ అనే ఐరిష్ మాజీ ఎక్సైజ్ అధికారి నిలువు గోపురంలాంటి కొత్త బట్టీకి పేటెంటు తీసుకుంటే, స్వదేశంలో పెద్ద బట్టీలవాళ్లు వద్దన్నారు. స్కాట్లాండు అందుకుని, బ్లెండెడ్ విస్కీతో ప్రపంచాన్ని గెలిచింది. 1966లో ఐర్లండు రిపబ్లిక్‌లో మిగిలిన విస్కీ కంపెనీలు ఒకటైపోయాయి. 1970ల చివరికి వచ్చేసరికి ఆ ద్వీపమంతటికీ రెండే బట్టీలు, దక్షిణాన మిడిల్టన్, ఉత్తరాన బుష్‌మిల్స్. ఇవాళ పదుల సంఖ్యలో ఉన్నాయి. పద్ధతులు రాసి ఉన్నాయి, చేసేవాళ్లు కొందరు మిగిలారు, పాత రుచి అడిగే జనం మళ్లీ పుట్టారు. ఆ మూడూ కలిస్తే తిరిగి లేచింది. కల్లు విషయంలో మన దగ్గర చేసేవాళ్లు మాత్రమే మిగిలారు, వాళ్లూ ముసలివాళ్లు.

మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడుపోయేదాంట్లో చాలా భాగం చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టే. యూరప్‌లో దాన్ని విస్కీ అని పేరు పెట్టి అమ్మనివ్వరు. ఎలమంచిలి పక్కనే ఏటికొప్పాకలో స్వాతంత్ర్యానికి ముందే సహకార చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది, అనకాపల్లి బెల్లం దేశమంతా వెళ్తుంది. తీపిని ఇంత ఎరిగిన ప్రాంతంలో బ్రాందీషాపుల ముందు జనం పేరు చూసి సీసా కొంటున్నారు, రుచి అడిగేవాళ్లు లేరు. బెంగళూరు అమృత్ వాళ్లు బార్లీ మాల్ట్‌తో చేసిన విస్కీని 2004లో గ్లాస్గోలోనే విడుదల చేసి, మన నేల మీద కూడా మంచిది చేయవచ్చని చూపించారు. మన వేడికి పీపాలోంచి ఏడాదికి స్కాట్లాండుకంటే ఎన్నో రెట్లు ఆవిరైపోతుంది, బదులుగా తొందరగా పాకానికొస్తుంది.

మందు ఎంత సంసారాలను కూల్చిందో తెలిసే రాస్తున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడింది తాగుబోతుల చేతుల్లో నలిగిపోయి. ఆ పోరాటం వల్లే మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి దగ్గర కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. మత్తుమందు కలిపిన తెల్లనీళ్లను కల్లని అమ్మితే చెట్టుకూ మనిషికీ ఇద్దరికీ ద్రోహమే. అది తాగేవాడు రుచి అడగడు, మత్తే అడుగుతాడు. రుచి అడిగే అలవాటు పెరిగితే కల్తీకి జాగా తగ్గుతుందని నా నమ్మకం.

పది గంటలకు పెద్దాయన అదే పోతుతాడి కుండలోంచి ఇంకో డొప్ప పోశాడు. "ఇప్పుడు చూడండి బాబూ, ఇది వేరే కల్లు." నిజమే. జామ వాసన లేదు. పులుపు ముందుకొచ్చింది, తీపి వెనక్కి జరిగింది, కడుపులో వేడి పుట్టింది. పదేళ్లు పీపాలో నిద్రపోయే విస్కీకి ఇలాంటి తొందర లేదు. ఏ ఊళ్లో ఎవరు ఎప్పుడు తెరిచినా దాదాపు అదే రుచి. ఈ కల్లుకి ఉన్న ఆయుష్షు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా. రుచి చూడాలంటే మనమే చెట్టు దగ్గరికి వెళ్లాలి.

వెళ్లేవాళ్లకి నా సలహాలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఏడున్నర లోపు చేరండి. చెట్టు నుంచి మీ కళ్లెదుటే దించిన కుండలోదే అడగండి. పోతుతాడిది ముందు, ఆడతాడిది తర్వాత. గాజు గ్లాసు తీసుకెళ్లొద్దు, తాటాకు డొప్పలోనే తాగండి, ఆ పచ్చి వాసన దాని రుచిలో భాగమే. ఒక డొప్ప అక్కడే నెమ్మదిగా ముగించండి. ప్లాస్టిక్ సీసాలో ఇంటికి పట్టుకెళ్లాలనుకోకండి, దారిలోనే పొంగి మూత ఎగిరిపోతుంది. డబ్బులు అడిగినదానికంటే కొంచెం ఎక్కువే ఇవ్వండి. బండి నడిపేవాళ్లు తాగకండి, మా మాస్టారు ఆ రోజు ఒక్క గుక్కతో ఆపేశారు.