తాళం మనది, చాబీ ఎవరిది?

ఇంటికి తాళం ఉండటం మంచిదే. కానీ ఇల్లు కొన్న తర్వాత కూడా చాబీ అమ్మినోడి జేబులోనే ఉంటే, కొన్నోడిని మాలిక్ అనాలా, కిరాయిదార్ అనాలా? మన చేతుల్లో ఉన్న ఫోన్ల హాలత్ ఇదే. పైసలు మనవి, రసీదు మన పేరు మీద. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడవాలో ఫైసలా చేసేది మాత్రం మనం కాదు. బటన్ నొక్కగానే ముందుగా మేల్కొనే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. బూట్‌లోడర్ అంటారు. దర్వాజా దగ్గర నిలబడ్డ దర్బాన్ అనుకోండి. కంపెనీ మొహర్ ఉన్న సిస్టమ్ వస్తే సలాం కొట్టి లోపలికి పంపిస్తాడు. మొహర్ లేకపోతే గడప తొక్కనివ్వడు.

నా రోజీ కూడా తాళాల బస్తీలోనే. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మహళ్లు లేచాయి. అందులో ఒకదాంట్లో నేను పొద్దంతా కూర్చుంటా. మెడలో కార్డు చూపిస్తేనే గేటు తెరుచుకుంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ పెట్టాలన్నా ఇజాజత్ అడగాలి. అది కంపెనీ మాల్, షరతులు వాళ్లవి. దాని మీద నాకు షికాయత్ లేదు. నా షికాయత్ మనం పైసలు పెట్టి కొన్న చీజ్ గురించి. అది కూడా నా ఫోను కాదు, మా మామూ ఫోను.

మా మామూ కాతిబ్. ఛత్తాబజార్ ప్రెస్సుల్లో షాదీ రుక్కాలు, దావత్‌నామాలు రాసేవారు. ఆయన రాసింది నస్తాలీఖ్. తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్తా. అరబ్బీ కితాబులు ఎక్కువగా నస్ఖ్‌లో ఉంటాయి. అందులో అక్షరాలు ఒకే గీత మీద సఫ్‌లో నిలబడ్డట్టు ఉంటాయి. ఉర్దూ నస్తాలీఖ్‌లో లఫ్జ్ కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి వాలుతూ దిగుతుంది. పక్కన ఏ అక్షరం వస్తుందో చూసి ప్రతి అక్షరం సూరత్ మార్చుకుంటుంది. అందుకే ఇది మెషీన్లకు అంత సులువుగా లొంగలేదు. పాకిస్తాన్‌లో మిర్జా అహ్మద్ జమీల్ వేల కొద్దీ జోడింపులు చేత్తో రాసి, 1981లో నూరీ నస్తాలీఖ్‌ను కంప్యూటర్‌కు ఎక్కించారు. 1990ల్లో దిల్లీ నుంచి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాంతో అఖ్బార్లలో, ప్రెస్సుల్లో కాతిబ్‌ల చేతిలోంచి కలం జారిపోయింది. మామూ కలం కూడా పెట్టెలోకి వెళ్లింది.

ఆయన బిడ్డ దూరంలో ఉంటుంది. తనే ఆయనకు ఒక స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది. దోస్తులు షాయిరీ పంపిస్తారు, బిడ్డ ఖైరియత్ రాస్తుంది, అంతా ఉర్దూలోనే. కానీ ఫోన్ దాన్ని నస్ఖ్‌లో చూపిస్తుంది. మామూ రెండు లైన్లు చూసి ఫోన్ పక్కన పెట్టేసేవారు. “యే అరబీ కే హర్ఫాఁ హై బేటా, ఉర్దూ కాఁ హై?” అనేవారు. ముసలాయన జిద్ కాదిది. మనకు తెలుగును తెలియని మలుపుల్లో రాసి చదవమంటే కళ్లు ఎక్కడెక్కడ ఆగుతాయో ఊహించుకోండి. ఆయన జిందగీ అంతా నస్తాలీఖ్ రాసిన మనిషి.

ఇలాజ్ లేదా అంటే, ఉంది. నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఫాంటును గూగుల్ 2014లోనే విడుదల చేసింది. ఎవరైనా ముఫ్త్‌గా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఆపిల్ 2017లో ఐఫోన్లలో నస్తాలీఖ్ పెట్టింది. ఆండ్రాయిడ్‌లో మాత్రం అరబ్బీ లిపి అనగానే సిస్టమ్ నస్ఖ్ ఫైలు దగ్గరికే పోతుంది. ఆ ఫైలు తాళం వేసిన గదిలో ఉంటుంది. ఫాంటేమో ఆజాద్, గదేమో బంద్.

ఆ గది తెరవాలంటే ఫోన్‌లోకి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ రావాలి. నేను తీసుకున్నది లీనియేజ్ ఓఎస్. దీని కహానీ పొడుగే. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి, 2009లో స్టీవ్ కోండిక్ అనే ప్రోగ్రామర్ దాన్ని మార్చి సయనోజెన్‌మాడ్ మొదలుపెట్టాడు. దాని మీద ఒక కంపెనీ పుట్టింది. ఆ కంపెనీ 2016 చివర్లో చేతులెత్తేస్తే, వలంటీర్లు అదే కోడ్ తీసుకుని లీనియేజ్‌గా నడిపిస్తున్నారు. దుకాణం బంద్ అయినా కామ్ బంద్ కాలేదు. ఎందుకంటే కోడ్ ఒక్కరి జాగీర్ కాదు. మన గచ్చిబౌలిలోనే స్వేచ్ఛ అనే సంస్థ ఉంది. కంప్యూటర్ తెలుగులో మాట్లాడాలని స్టూడెంట్లను కూడగట్టి, లినక్స్ మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసింది. ఇంత పెద్ద కంపెనీల నీడలో కూర్చుని వాళ్లు చెప్పింది కూడా ఇదే మాట: జబాన్ మనదైతే, దాన్ని మెషీన్‌లో దిద్దుకునే హఖ్ కూడా మనదే.

ఇక పని ఎలా జరిగిందో చెప్తా. ముందు ఫొటోలు, నంబర్లు అన్నీ వేరేచోట దాచాను. ఎందుకంటే బూట్‌లోడర్ తెరిచిన క్షణంలో ఫోన్‌లో ఉన్నదంతా సాఫ్ అవుతుంది. అది సజా కాదు, హిఫాజత్. దొంగ తాళం తెరిచినా మన ముచ్చట్లు వాడికి దొరకొద్దు కదా. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ల దర్వాజా తెరుచుకుంటుంది. అక్కడ ఓఈఎమ్ అన్‌లాకింగ్ ఆన్ చేయాలి. కొన్ని ఫోన్లలో ఇది చాలు, కేబుల్ పెట్టి కంప్యూటర్ నుంచి ఒక ఆదేశం ఇస్తే అయిపోతుంది. మామూ ఫోన్ కంపెనీ మాత్రం దరఖాస్తు పెట్టమంది, ఆ తర్వాత ఏడు రోజులు ఇంతెజార్ చేయమంది. రసీదు మా ఇంట్లో ఉంది, ఇజాజత్ మాత్రం సముందర్ అవతల నుంచి రావాలి. అయినా ఇచ్చారు, షుక్రియా. అసలు ఇవ్వని ఫోన్లు కూడా ఉన్నాయి. ఐఫోన్‌లో అయితే ఈ దర్వాజాయే లేదు.

ఎనిమిదో రోజు తాళం తెరుచుకుంది. రికవరీ ఎక్కించి, దాంట్లోంచి లీనియేజ్ పంపించాను. డెవలపర్ సెట్టింగ్స్‌లో రూట్ ఆన్ చేసి, నస్ఖ్ ఫాంటు ఉన్న జాగాలో అదే పేరుతో నస్తాలీఖ్ పెట్టాను. ఫోన్ లేచినప్పుడల్లా బూట్‌లోడర్ తెరిచి ఉందని ఒక హెచ్చరిక కనబడుతుంది. కొన్ని బటన్ల మీద అక్షరాల తలలు, తోకలు తెగిపోతాయి. నస్తాలీఖ్‌కు ఎత్తు ఎక్కువ కావాలి, ఆ బటన్లు దాన్ని మనసులో పెట్టుకుని గీసినవి కావు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఫాంటు మళ్లీ పెట్టాల్సి వస్తుంది. అయినా మామూ ఆ రాత్రి బిడ్డ పాత మెసేజ్‌లన్నీ కింది నుంచి పై దాకా చదివారు.

తెల్లారి అసలు ముష్కిల్ మొదలైంది. బిడ్డ పంపే పైసలు చూసుకునే బ్యాంకు యాప్, ఈ ఫోన్ మీద నమ్మకం లేదని తలుపేసుకుంది. యాప్‌లు ఫోన్‌ను తనిఖీ చేస్తాయి. బూట్‌లోడర్ తెరిచి ఉంటే చాలావాటికి ఆ ఫోన్ ముష్రిమ్ లెక్కే. బ్యాంకుల వైపు నుంచి చూస్తే వజహ్ లేకపోలేదు. రూట్ చేసిన ఫోన్లలో యాప్ నడవకుండా ఆపే వీలు చూడమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఫిబ్రవరి నిబంధనల్లో కూడా రాసింది. సిస్టమ్‌ను ఎవడో మార్చి, మన పాస్‌వర్డులు చదివే ఖత్రా నిజమే. నేను ఈ రంగంలోనే పనిచేస్తాను, ఆ ఖత్రాను మజాక్ చేయను.

కానీ దొంగ మార్చిన సిస్టమ్‌కూ, మాలిక్ తన మర్జీతో పెట్టుకున్న సిస్టమ్‌కూ ఫర్ఖ్ ఉండాలా, వద్దా? ఇది కుదరని పని కాదు. గూగుల్ వాళ్ల పిక్సెల్ ఫోన్లలో గ్రాఫీన్ ఓఎస్ పెట్టుకుని, దాని మొహర్‌తోనే బూట్‌లోడర్‌కు మళ్లీ తాళం వేయొచ్చు. దర్బాన్ అక్కడే ఉంటాడు, పహారా అలాగే ఉంటుంది, హుకుం మాత్రం మాలిక్‌ది. చాలా కంపెనీలు చేయకపోవడం మర్జీ లేక, తెలివి లేక కాదు. తాళం వద్దని నేను అనడం లేదు. చాబీ కొన్నవాడికి ఇవ్వమంటున్నా.

మామూ ముందు రెండు దారులు పెట్టాను: పాత సిస్టమ్ మళ్లీ పెట్టేస్తే బ్యాంకు యాప్ వస్తుంది, ఉర్దూ పోతుంది. ఆయన ఎక్కువ సోచాయించలేదు. “బ్యాంకు నడిచిపోయేంత దూరంలో ఉంది” అన్నారు. ఇప్పుడు పాస్‌బుక్ పట్టుకుని నెలకోసారి లైన్‌లో నిలబడుతున్నారు. డెబ్బై దాటిన మనిషి చదువుకోవడం కోసం మోకాళ్లతో కడుతున్న కిరాయి అది. ఆ లైన్ ఏ కంపెనీ లెక్కల్లోనూ కనబడదు.

మీలో ఎవరైనా ఇలా చేయాలనుకుంటే, ఉన్న ఒక్క ఫోన్ మీద చేయకండి. మీ మోడల్‌కు లీనియేజ్ వాళ్ల సొంత సైట్‌లో ఫైలు ఉంటేనే ముట్టుకోండి. ఫోన్ కొనేటప్పుడు జగదీశ్ మార్కెట్‌లో అయినా, మాల్‌లో అయినా కెమెరా, బ్యాటరీతో పాటు బూట్‌లోడర్ తెరుచుకుంటుందా అని కూడా అడగండి. దుకాణదారుకు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకుంటాడు.

మామూకు ఇప్పుడు కొత్త షికాయత్ ఉంది. ఆ ఫాంటులో నూన్ దాయిరా సరిగ్గా రాలేదట, గిన్నెలా లోతుగా ఉండాలట. ఆ ఫాంటును ఎవరైనా దిద్దుకోవచ్చని చెప్పాను. పెట్టెలోంచి కలం తీసి, నుఖ్తాలతో కొలిచి, కాగితం మీద ఒక నూన్ రాసి నా చేతికిచ్చారు. ఫాంటు దిద్దడం నాకింకా రాదు. నేర్చుకుంటున్నా.